ముప్ఫై అయిదు దాటాక లెదర్ బంతి: బ్యాటు, నడుము, ఆదివారం లెక్క

కొత్త_గార్డు
మా ఆఫీసు లీగు జనవరి మూడో వారంలో మొదలు. 20 ఓవర్లు, ఎర్ర లెదర్ బంతి, మ్యాటింగ్ వికెట్ (పిచ్ మీద చాప పరిచి ఆడేది), అన్నీ ఆదివారం పొద్దున్నే. నాకు ఇప్పటిదాకా టెన్నిస్ బంతి తప్ప అలవాటు లేదు. వయసు 36, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో. చేతిలో ఆరు వారాలున్నాయి. ఎలాంటి బ్యాటు కొనాలి, దాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి? ఒళ్ళు ఎలా కాపాడుకోవాలి? అన్నిటికన్నా ముఖ్యం, ఎనిమిది ఆదివారాల సంగతి ఇంట్లో ఎలా చెప్పాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

లిన్సీడ్_మామ
బ్యాటుతో మొదలుపెడదాం, ఎందుకంటే ఆరు వారాల్లో ఎక్కువ టైం తినేది అదే.

టెన్నిస్ బంతి బ్యాటుతో లెదర్ ఆడొద్దు. దాని వెనక భాగం చెక్కేసి తేలిక చేస్తారు, గట్టి బంతి అంచుకు తగిలిందంటే నిలువునా చీలుతుంది. ఇంగ్లీష్ విల్లో కొను. గ్రేడ్ 1కే పోనక్కర్లేదు. గ్రేడు తేడా చాలామటుకు చూపులోదే: చెక్క గీతలు తిన్నగా ఉన్నాయా, మచ్చలున్నాయా అని. ఆఫీసు ఆటకి గ్రేడ్ 3, మొహం (బంతి తగిలే వైపు) మీద 6 నుంచి 8 గీతలు, బరువు 1,150 నుంచి 1,190 గ్రాములు. గీతలు ఎక్కువుంటే బ్యాటు త్వరగా దారికొస్తుంది, త్వరగా అరుగుతుంది కూడా. షాపులో బరువు తూచేది తక్కెడ కాదు, పై చెయ్యి. ఎడమచేత్తో ఒక్కదాన్నే పట్టుకుని పది సార్లు స్ట్రెయిట్ డ్రైవ్ ఊపు. ఏడోసారికి మణికట్టు వాలితే ఆ బ్యాటు నీది కాదు (ఎడమచేతి వాటమైతే కుడి చేత్తో చూడు).

ఇక నూనె. పచ్చి అవిసె నూనె, అంటే రా లిన్సీడ్. పెయింటు షాపులో దొరికే బాయిల్డ్ రకం వద్దు, అందులో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు. ఒక పూతకి ఒక టీస్పూను. గుడ్డతో మొహానికి, అంచులకి, కాలికి (బ్యాటు కింది కొస), వెనక్కి పల్చగా రాయాలి. పిడి దిగే వి ఆకారం జాయింటుకి, స్టిక్కర్లకి తగలకూడదు. జాయింటులోకి నూనె దిగితే బంక వదిలేస్తుంది. రాసి, మొహం పైకి ఉండేట్టు అడ్డంగా పడుకోబెట్టు. గోడకి నిలబెడితే నూనె అంతా కాలిలోకి దిగుతుంది. 24 గంటలయ్యాక రెండో పూత. ఇంకా ఎండినట్టు కనిపిస్తే మూడోది, అంతే. "ఎక్కువ రాస్తే ఎక్కువ మంచిది" అనుకునేవాళ్ళ బ్యాట్లు బరువెక్కి, కొడితే తడిసిన చెక్కలా మూగగా మోగుతాయి.

తర్వాత మ్యాలెట్, అంటే చెక్క సుత్తి. దాంతో కొట్టి బ్యాటును గట్టిపరచడాన్నే నాకింగ్ అంటారు. మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు, ఒక్కో దఫా 20-30 నిమిషాలు. మొదటి గంట తలుపు తట్టినంత నెమ్మదిగా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. అంచుల్ని నేరుగా కొట్టకూడదు, 45 డిగ్రీల వాలులో కొట్టి గుండ్రం చెయ్యాలి. కాలి అడుగుభాగాన్ని అసలు ముట్టుకోకు, విచ్చుకుంటుంది. అయిందా లేదా తెలియాలంటే పాత లెదర్ బంతిని బ్యాటు మీద ఎగరేసి చూడు. కుట్టు గుర్తు గుంటగా పడితే ఇంకో గంట పని ఉంది.

అపార్టుమెంటులో ఉంటే టెర్రస్ మీద, సాయంత్రం అయిదు దాటాక. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి టక్ టక్ అంటే కింది ఫ్లాటువాళ్ళతో బంధుత్వం చెడుతుంది.

కొత్త_గార్డు
మామా, షాపువాడు "మెషీన్ నాకింగ్ అయిపోయింది సార్, రేపే ఆడొచ్చు" అంటున్నాడు.

లిన్సీడ్_మామ
మెషీన్ మొహం మధ్యలో బాగానే కొడుతుంది. అంచులు, కాలు దానికి సరిగ్గా అందవు, బ్యాట్లు చీలేది అక్కడే. దాన్ని సగం పనిగా లెక్కేసుకుని చేత్తో ఇంకో రెండు గంటలు కొట్టు. తర్వాత నెట్స్‌లో రెండు సెషన్లు పాత మెత్తబడ్డ బంతితో, డిఫెన్సు, పుష్‌లు మాత్రమే. ఇంకో మాట: అగ్గువకు వచ్చే రెండు ముక్కల బంతులు రాయిలా ఉంటాయి, ప్రాక్టీసుకైనా నాలుగు ముక్కల బంతే తెచ్చుకోండి. ఒక బంతికి మిగిలే డబ్బుకన్నా పగిలే బ్యాటు ఖరీదెక్కువ.

సీమ_అప్
మామ బ్యాటు చెప్పినాడు, నేను బంతి చెప్తా. లెదర్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. టెన్నిస్ బంతి గాలిలో నిదానంగా వచ్చి, పడినాక ఎగురుతుంది, దాని కోసం అందరం వెనక కాలిమీద బరువేసి అడ్డంగా ఊపడం నేర్చుకున్నాం. లెదర్‌కి ఆ అలవాటే శత్రువు. బంతిని కంటి కిందకి రానిచ్చి ఆలస్యంగా ఆడాల. మొదటి రెండు వారాలు నెట్స్‌లో ఆన్‌సైడ్ షాటే కొట్టొద్దు, మిడాన్, మిడాఫ్ మధ్యలోకే, అంటే బౌలరు వైపు తిన్నగానే ఆడు. విసుగ్గా ఉంటుంది. ఉండనీ.

మ్యాటింగ్ సంగతి వేరే. చాప మీద బంతి ఎత్తు ఎక్కువ లేస్తుంది, స్పిన్ కూడా బాగా పట్టుకుంటుంది. ఫ్రంట్‌ఫుట్ మీద గుడ్డిగా దూకితే గ్లవ్‌కి తగిలి గల్లీ ఫీల్డరుకి క్యాచ్. క్రీజు లోపల నిలబడి కట్, పుల్ ఆడేవాడికి పరుగులు. ఇనుప స్పైకుల బూట్లు వద్దు, చాప చిరుగుతుంది, కాలు ఇరుక్కుంటే మోకాలు పోతుంది. రబ్బరు మొటిమల బూట్లు తీసుకో. టాస్‌కి ముందు చాప చుట్టూ ఒకసారి నడువు. మేకులు పైకి లేచినాయా, బౌలరు దిగే చోట చాప వదులుగా ఉందా చూడు. వదులుంటే లాగి బిగించి మళ్ళీ మేకులు కొట్టించు. మ్యాచ్ మొదలైనాక ఎవడూ పట్టించుకోడు.

హెల్మెట్ మీద బీఎస్ 7928:2013 అని ఉండేది కొను. ముందుండే కమ్మీల సందులోంచి బంతి దూరకుండా పరీక్ష చేసిన రకం అది. గట్టిదెబ్బ ఒక్కటి తగిలినా, బయటికి పగులు కనపడకపోయినా, మార్చేయాల. టీమ్ కిట్‌లో తలా ఒకరు వాడే హెల్మెట్‌కి ఎన్ని దెబ్బలు తగిలినాయో ఎవరికీ లెక్క ఉండదు. గార్డు (పొత్తికడుపు కింద పెట్టుకునేది), హెల్మెట్, లోపలి గ్లవ్స్: ఈ మూడూ సొంతవి ఉండాల. ప్యాడ్లు అరువైనా పర్లేదు.

నాన్‌స్ట్రైకర్
మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, అవతలి ఎండ్‌లో, అంటే ఇంట్లో, నిలబడే పక్షం తరఫున నేను చెప్తాను.

ముందు గంటలు నిజాయితీగా లెక్కపెట్టండి. మీరు ఇంట్లో చెప్పేది "పొద్దున మూడు గంటల మ్యాచ్". అసలు లెక్క ఇది. 5.20కి ఇంట్లోంచి బయలుదేరడం. 6కి వార్మప్, టాస్. 6.30కి మొదటి బంతి. వైడ్లు, పొదల్లో పడ్డ బంతి వెతకడం కలిపితే 20 ఓవర్లకి గంటా ముప్పావుకి దగ్గర. రెండు ఇన్నింగ్స్, మధ్యలో పది నిమిషాలు కలిపి 10 దాటుతుంది. తర్వాత ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఆ రనౌట్ గురించి ముప్పావు గంట. ఇల్లు చేరేసరికి 11.30. అంటే ఆరు గంటల పైమాటే. ఆ తర్వాత స్నానం, భోజనం, ఆపైన మూడు గంటల నిద్ర. సాయంత్రం 4.30కి లేచి "టీ ఉందా?"

గొడవ మ్యాచ్ మీద కాదండీ, ఆ నిద్ర మీద. వారంలో ఇంటికి మిగిలేది ఒక్క ఆదివారం, అందులో పగలంతా పోతుంది. కాబట్టి చెయ్యాల్సినవి: శనివారం రాత్రి 10.30కి పడుకోవడం. నిద్ర అప్పు ఉండదు కాబట్టి మధ్యాహ్నం 30 నిమిషాల అలారంతో సరిపోతుంది. "11 కల్లా వస్తా" అని 12.30కి రావడం కంటే ముందే "12కి వస్తా" అని 11.45కి రావడం నయం.

షెడ్యూలు చేతికొచ్చిన రోజే మొత్తం ఎనిమిది తేదీలూ ఇంటి క్యాలెండరు మీద రాసిపెట్టండి. శనివారం రాత్రి భోజనాల దగ్గర "రేపు మ్యాచ్" అనడమే అసలు నేరం. జనవరి చివర నుంచి మార్చి దాకా మాఘం, ఫాల్గుణం. పెళ్ళిళ్ళ సీజను. మేనమామ కూతురు పెళ్ళి, సెమీఫైనలు ఒకే రోజు పడితే ఏది వదులుతారో జనవరిలోనే తేల్చుకోండి, ఫిబ్రవరిలో కాదు.

కూకట్‌పల్లి_కీపర్
అక్క చెప్పింది నూటికి నూరు. ఇగ పైసల ముచ్చట జెర చెప్త, టీములు ఇరిగిపోయేది దానికాడనే.

మ్యాచ్ మ్యాచ్‌కి వసూలు చెయ్యకుర్రి. రానోడు ఇయ్యడు, వచ్చినోడు "నాకు బ్యాటింగే రాలే" అని ఇయ్యడు. సీజన్ మొత్తానికి ముందే తీస్కోవాలె. ఉదాహరణకి లెక్క చూడు: ఎంట్రీ ఫీజు 30,000 అనుకో, గ్రౌండు, అంపైర్లు అందులనే. ఎనిమిది మ్యాచ్‌లకు తలా ఒక కొత్త బంతి, 600 చొప్పున 4,800. నీళ్ళు, అరటిపండ్లు మ్యాచ్‌కి 500, అంటే 4,000. ఫస్ట్ ఎయిడ్ డబ్బా 1,200. మొత్తం 40,000. పదిహేను మంది టీము, మనిషికి 2,667 పడ్తది. 3,000 తీస్కో. మిగిలిన 5,000 నెట్స్‌కి. ఖర్చు పెట్టిన రోజే గ్రూపుల బిల్లు ఫొటో పెట్టు. పైసలు ఉండేటోడు, కెప్టెను ఒక్కడే కావొద్దు.

ఎవరెవరు వస్తరని మంగళారం వాట్సాప్‌ల పోల్ పెట్టాలె. గురువారం సాయంత్రం ఆరుకి బంద్. పదమూడు మంది పక్కా ఉండాలె, పదకొండు కాదు. ఎందుకంటే శనివారం రాత్రి ఆఫీసుల సాఫ్ట్‌వేర్ రిలీజ్ అని ఒగడు, పిల్లగానికి జ్వరమని ఒగడు పోతడు. ఒక మ్యాచ్‌ల బ్యాటింగూ బౌలింగూ రెండూ దొరకనోనికి వచ్చే మ్యాచ్‌ల ఏదో ఒకటి గ్యారంటీ అని ముందే రాస్కోర్రి. మూడు ఆదివారాలు ఉత్త ఫీల్డింగ్ చేసినోడు నాలుగో ఆదివారం అలారం ఆపేసి పంటడు.

మేనేజరును కెప్టెన్ చెయ్యకుర్రి. ఆయన ఎంత మంచోడైనా సరే. ఆయన నాలుగో నంబరుకు దిగుతా అంటే వద్దనే మొగోడు టీముల ఉండడు.

బెజవాడ_ఆఫ్‌కట్టర్
కీపర్ గారూ, ఆ చివరి మాట ఒప్పుకోనండి. మేనేజరు కెప్టెన్‌గా ఉన్న టీముకి శుక్రవారం సాయంత్రం ఆరింటికి నెట్స్‌కి పర్మిషను అడగక్కర్లేదు. ప్రాజెక్టు వాళ్ళు అడ్డం పడితే ఆయనే మాట్లాడతాడు. సమస్య పదవిది కాదు, బ్యాటింగ్ ఆర్డరు ఎవరు రాస్తారన్నది. అది ముగ్గురు రాసే పద్ధతి పెట్టుకోండి, అందులో ఒకరు వేరే డిపార్టుమెంటు అయి ఉండాలి.

గ్రౌండులో పిలుపులు మాత్రం ముందే మాట్లాడుకోండి. ఎస్, నో, వెయిట్. మూడే మాటలు. బాసుతో కలిసి ఆడుతూ "సార్, రండి సార్, వద్దు సార్, వెనక్కెళ్ళండి సార్" అనేలోపు బెయిల్సు ఎగిరిపోతాయి. క్రీజులో సార్ లేదు, మేడమ్ లేదు. బంతి కొట్టినవాళ్ళ ముందుకి పోతే వాళ్ళే పిలవాలి, వాళ్ళ వెనక్కి పోతే నాన్‌స్ట్రైకరు పిలవాలి.

ఇంకోటండి, ప్రాక్టీసు మ్యాచ్‌లకి బ్యాటింగ్ వాళ్ళే అంపైరింగ్ చేస్తారు కదా, వాటిల్లో ఎల్బీడబ్ల్యూ తీసేయండి. సోమవారం క్యాంటీన్లో పక్కపక్కన కూర్చోవాల్సినవాళ్ళు. లీగులో బయటి అంపైర్లుంటారు కాబట్టి అక్కడ పెట్టుకోవచ్చు. వాన పడితే ఎన్ని ఓవర్లకి ఫలితం లెక్క అన్నది కూడా టాస్‌కి ముందే తేల్చుకోవాలి. అంతర్జాతీయ టీ20ల్లో ఒక్కో జట్టుకి కనీసం 5 ఓవర్లు, అదే పెట్టుకుంటే వాదన ఉండదు.

కూకట్‌పల్లి_కీపర్
శుక్రవారం పర్మిషన్ ముచ్చట కరెక్టే, దానికి ఆయనను టీము మేనేజర్ చెయ్యి. పేరు కూడా అదే కదా. ఆడేకాడ ఎందుకు?

ఫిజియో_బెంచ్
ఒళ్ళు గురించి. కుర్చీలో కూర్చునేవాళ్ళకి మొదట పోయేది తొడ వెనక కండరం. రోజంతా మోకాలు మడిచి ఉండి, ఆదివారం ఉదయం రెండో పరుగుకి ఒక్కసారిగా తిరిగేటప్పుడు పట్టేస్తుంది. ఆరు వారాలున్నాయి కాబట్టి వారానికి మూడు రోజులు: వెల్లకిలా పడుకుని ఒంటికాలి బ్రిడ్జి (ఒక పాదం ఆనించి నడుము పైకెత్తడం), ఒక్కో కాలికి 8 చొప్పున మూడు సెట్లు. గోడ దగ్గర మడమలు ఎత్తడం 15 చొప్పున రెండు సెట్లు. మూడో వారం నుంచి 20 మీటర్ల పరుగులు ఆరు, మొదట 60 శాతం వేగంతో, వారం వారం పెంచుతూ. మ్యాచ్ రోజే మొదటిసారి పూర్తి వేగంతో పరిగెత్తడం వల్లే చాలా గాయాలు.

మ్యాచ్‌కి ముందు 12 నిమిషాలు: రెండు రౌండ్లు నెమ్మది జాగింగ్, కాళ్ళు ముందుకి వెనక్కి ఊపడం పదేసి, పెద్ద అడుగేసి మోకాలు మడిచి కిందికి దిగుతూ నడవడం (లంజ్) పది అడుగులు, చివర మూడు చిన్న పరుగులు. నిలబడి కాలి వేళ్ళు పట్టుకుని సాగదియ్యడం ఆట తర్వాత.

పట్టేస్తే ఆపేయాలి. "ఒక్క ఓవరే కదా" అంటే రెండు వారాల గాయం రెండు నెలలవుతుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, క్రేప్ బ్యాండేజి. వేడి కాపడం, నూనె మాలిష్, బామ్ పెట్టి గట్టిగా రుద్దడం ఆ రెండు రోజులు పనికిరావు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో చేసేది అదే, సున్నితంగా ఆపండి.

వేళ్ళు. బంతి వేలి చివర తగిలి, పై కణుపు వంగిపోయి తనంతట తాను నిటారుగా లేవకపోతే అది మ్యాలెట్ ఫింగర్. నొప్పి తక్కువుంటుంది కాబట్టి వదిలేస్తారు. చిన్న బద్ద కట్టి 6 నుంచి 8 వారాలు నిటారుగా ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంగినా లెక్క మళ్ళీ మొదటినుంచి. కీబోర్డు మీద బతికేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెళ్ళి ఉంగరం గ్రౌండుకి పెట్టుకెళ్ళొద్దు. బంతి తగిలి వేలు వాస్తే ఉంగరాన్ని కోసి తియ్యాల్సి వస్తుంది, అప్పుడు ఇంట్లో రెండు జవాబులు చెప్పాలి.

నీళ్ళు: మార్చికల్లా ఎండ ముదురుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీస్పూనుతో తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే.

నవ్వుతూ చెప్పలేని మాట ఒకటి. 35 దాటినవాళ్ళు సీజనుకి ముందు బీపీ, షుగరు చూపించుకోండి, ఇంట్లో గుండెజబ్బు ఉంటే డాక్టరు సలహాతోనే దిగండి. ఆడుతుండగా ఛాతీ బిగుతు, దవడకో ఎడమచేతికో లాగడం, చెమటతో వికారం వస్తే గ్యాస్ అనుకోకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఓవరు పూర్తి చెయ్యనివ్వొద్దు.

డల్లాస్_దూస్రా
ఇక్కడ డల్లాస్‌లో కూడా ఇదే బతుకు, వీకెండ్ లీగుల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఆఫీసు ఉద్యోగంతో క్రికెట్ కుదరదనేవాళ్ళకి ఒక్క ఉదాహరణ: 2024 జూన్ 6న ఇక్కడి గ్రాండ్ ప్రైరీ స్టేడియంలో టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని ఓడించింది. స్కోర్లు సమమయ్యాక ఆడిన సూపర్ ఓవర్లో అమెరికా 18, పాకిస్తాన్ 13. ఆ ఓవరు వేసిన సౌరభ్ నేత్రావల్కర్ అప్పట్లో ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరు.

నాన్‌స్ట్రైకర్
ఆ పేరు ఇప్పుడు ప్రతి ఇంట్లో సాకుగా వాడతారు. ఆయన 2010లో ఇండియా తరఫున అండర్-19 ప్రపంచకప్ ఆడిన మనిషి అని కూడా చెప్పండి దూస్రా గారూ.

ఇంకా రెండు ఇంటి సంగతులు. తెల్ల బట్టలు మీరే ఉతుక్కోండి. ఎర్ర బంతి మరక రంగూ మైనమూ కలిసింది, గడ్డి మరక వేరు. ఇంటికి రాగానే చన్నీళ్ళు, డిటర్జెంటులో గంట నానబెట్టి, మరక మీద ద్రవ సబ్బు రాసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. బ్లీచ్ పోస్తే పాలియెస్టర్ పచ్చబడుతుంది. గ్లవ్స్, ప్యాడ్లు బ్యాగులోంచి తీసి నీడలో గాలికి ఆరెయ్యాలి, ఎండలో పెడితే అరచేతి తోలు అట్టలా బిగుస్తుంది. బూట్లలో పాత పేపరు కుక్కండి. కిట్ బ్యాగు పడకగదిలోకి రాకూడదు. దీనిమీద చర్చ లేదు.

రెండోది, లీగు అవ్వగానే ఐపీఎల్. 2022 నుంచి 2025 దాకా సీజనుకి 74 మ్యాచ్‌లు. 7.30కి మొదలై, ఒక్కో ఇన్నింగ్సుకి 90 నిమిషాలు, మధ్యలో 20, లెక్క ప్రకారం 10.50. నిజానికి 11 దాటాకే. రెండు నెలలు ప్రతి రాత్రీ టీవీ మీది కాదు. హైదరాబాద్ ఆడేవి, ప్లేఆఫ్‌లు అని గీత గీసుకుంటే సగం పైగా రాత్రులు ఇంటివాళ్ళకి మిగులుతాయి. మిగతావి చివరి అయిదు ఓవర్లు ఫోనులో చూసుకోండి, చెవిలో ఇయర్‌ఫోన్ ఒకటే పెట్టుకుని. రెండోది పెడితే పిలిచింది వినపడదు.

కొత్త_గార్డు
అందరికీ థాంక్స్. క్యాలెండరు మీద రాసేశాను, ఒక తేదీ గృహప్రవేశంతో తగిలింది, అది వదిలేశా. ఎనిమిదేళ్ళ బాబు తనూ వస్తానంటున్నాడు. తీసుకెళ్ళొచ్చా?

సీమ_అప్
తీసుకెళ్ళు. కానీ నువ్వు ఫీల్డింగ్‌లో ఉన్నంతసేపూ వాణ్ని చూసే పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాల, స్కోరర్ని నమ్ముకోవద్దు. స్క్వేర్ లెగ్ పక్క చెట్టునీడ ఉంటే అందరూ అక్కడే కూర్చుంటారు, పుల్ షాటు నేరుగా వచ్చేదీ అక్కడికే. బౌండరీకి పదడుగులు వెనక, గ్రౌండు వైపు మొహం పెట్టి, చేతిలో ఫోన్ లేకుండా కూర్చోబెట్టు. వానికి స్కోరుబుక్కు ఇస్తే కుదురుగా ఉంటాడు. పరుగు రాని బంతికి చుక్క, వైడ్‌కి కూడిక గుర్తు, అరగంటలో పట్టేస్తాడు. లెదర్ బంతితో నెట్స్‌లోకి మాత్రం ఇప్పుడే వద్దు. పదమూడేళ్ళ లోపు వాళ్ళకి 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి వేరే ఉంటుంది, అది కూడా ఇంకా రెండేళ్ళ మాట.

కొత్త_గార్డు
సరే అన్నా. మామా, రెండో పూత నిన్న రాత్రి వేశా. వంటింటి అటక మీద పెట్టాను, ఎవరికీ అడ్డం లేకుండా.

లిన్సీడ్_మామ
అటక మీద వద్దు, పొయ్యి వేడి మొత్తం పైకే వస్తుంది, చెక్క ఎండి చీలుతుంది. ఇప్పుడే దించు. మంచం కింద, కాగితం పరిచి, మొహం పైకి. పక్కన ఎవరి చీరల పెట్టె ఉందో చూసుకుని మరీ.